మాయాబజార్‌లో మాట తప్పినోళ్లు, మాటలు పుట్టించినోళ్లు

మాయాబజార్ గొప్ప సినిమానా కాదా అన్న పంచాయితీ మన దగ్గర ఎన్నడూ తెగలేదు. ఉద్యమం నడిచిన రోజుల్లో యూనివర్సిటీ హాస్టళ్లలో, టీ కొట్ల కాడ, ఆఫీసు క్యాంటీన్లలో ఈ లొల్లి జోరుగానే నడిచింది. రాష్ట్రం వచ్చినంక కూడా ఆగలేదు. ఒకరు ‘తెలుగుల అంతకు మించిన సిన్మా పుట్టలె, ఇగ పుట్టది’ అంటారు. ఇంకొకరు ‘అది ఆంధ్రోళ్ల సిన్మా, అండ్ల మనదేమున్నది?’ అంటారు. మూడో మనిషి ‘సిన్మాను సిన్మా లెక్క చూడున్రి, ప్రతిదాంట్ల రాజకీయం ఎందుకు?’ అని సర్దిచెప్పబోతాడు. ఆ సర్దిచెప్పుడుతోనే లొల్లి ఇంకింత పెద్దదవుతుంది.

ముగ్గురి దగ్గరా కొంత నిజం ఉంది. ముగ్గురూ ఒక సంగతి మాత్రం విడిచిపెడుతున్నారు. మాయాబజార్ మొదటి నుంచి చివరిదాకా మాట గురించిన సినిమా. మన భాషలో మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, ఇచ్చిన మాట. రెండు, నోట పలికే మాట. ఈ సినిమాలో కథను నడిపించేది మొదటి మాట. సినిమాను జనం నాలుకల మీద నిలబెట్టింది రెండో మాట. ఇచ్చిన మాట తప్పితే ఎట్లుంటదో, పలికిన మాటకు పక్కోడు నవ్వితే ఎట్లుంటదో తెలంగాణ ప్రేక్షకునికి ఎరుకైనంతగా ఇంకొకరికి ఎరుక కాదు. కాబట్టి ఈ సినిమాను నెత్తిన పెట్టుకునే పని లేదు, పక్కకు నూకేసే పని అంతకన్నా లేదు. మన కండ్లతో మనం చూసే పని ఉంది.

ప్రియదర్శినిలో ఎవరికేం కనబడ్డది?

తెలియనివాళ్లు తక్కువే అయినా, కొత్త పిల్లల కోసం నాలుగు ముక్కలు. విజయా సంస్థ మద్రాసులో తీసిన ఈ సినిమా 1957 మార్చి 27న విడుదలైంది. నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి. దర్శకుడు కె.వి.రెడ్డి. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు. కెమెరా మార్కస్ బార్ట్‌లే. ఎన్టీఆర్ కృష్ణుడు, ఏఎన్నార్ అభిమన్యుడు, సావిత్రి శశిరేఖ, ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు. 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ చానల్ పెట్టిన ఓటింగులో దేశంలోని సినిమాలన్నిటినీ దాటి మొదటి స్థానంలో నిలిచింది.

సినిమాలో ప్రియదర్శిని అని ఒక పెట్టె ఉంటుంది. శశిరేఖకు కానుకగా వస్తుంది. తెరిచి చూసినవాళ్లకు తమకు ఏది ఇష్టమో అదే అందులో కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనబడతాడు. తల్లి రేవతికి నగలు కనబడతాయి. తండ్రి బలరాముడికి శిష్యుడు దుర్యోధనుడు కనబడతాడు. కృష్ణుడు చూస్తే శకుని ప్రత్యక్షం.

ఈ సినిమా మీద వచ్చిన అభిప్రాయాలు కూడా అట్లనే ఉన్నాయి. నటన ఇష్టమైనవాళ్లకు సావిత్రి తప్ప ఇంకేం కనబడదు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచునిగా ఆమె నడిచిన నడక, మీసం లేని మొఖం మీద చూపిన మగ పొగరు చూసి చేతులెత్తి మొక్కుతారు. ఫొటోగ్రఫీ తెలిసినవాళ్లు బార్ట్‌లే వెన్నెల దగ్గరే ఆగిపోతారు. పౌరాణికాల మీద మోజున్నవాళ్లు ఎన్టీఆర్ కిరీటం దగ్గర నిలబడతారు.

వామపక్ష మిత్రులది ఇంకో మాట. 1951 అక్టోబర్‌లో తెలంగాణ సాయుధ పోరాటం విరమించారు. ఆరేండ్లు తిరగకముందే తెలుగు తెర మీద లడ్డూల కుప్పలు, గాలిలో లేచే గిన్నెలు, మాయా నగరాలు. ఇది జనాన్ని మత్తులో ముంచే పని కాక ఇంకేంది అని వాళ్ల ప్రశ్న. ఆ కాలపు తెరకు మన ఊరి దొర గడీ కనబడలేదన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఆ భోజనం సీనుకు ఊరి జనం ఎందుకు ఈలలు వేశారో ఈ మిత్రులు ఒకసారి ఆలోచించాలి. ఆ వంటలు కౌరవ ప్రభువుల పెండ్లికి వండినవి. తిన్నది ఎవరు? అడవి నుంచి వచ్చిన హిడింబి కొడుకు. దొర ఇంటి పెండ్లి బువ్వను అడవి బిడ్డ ఒక్కడే కూసొని తృప్తిగా ఊడ్చేస్తుంటే, గడీ ముందు చేతులు కట్టుకొని నిలబడ్డ మనిషి నవ్వకుండా ఎట్లుంటాడు?

ఆడవాళ్ల అభిప్రాయం కూడా వినాలె. కథలో మాట తప్పిన పాపమంతా రేవతి నెత్తికి చుట్టారని వాళ్ల ఫిర్యాదు. మాట ఇచ్చింది బలరాముడు. తప్పింది బలరాముడు. తిట్లు మాత్రం నగల మీద ఆశ పడిన ఆడదానికి. ఇంటి యజమాని మంచోడు, పెండ్లామే గయ్యాళి అన్న పాత సూత్రం ఇక్కడా పనిచేసింది. ఇది సరైన విమర్శే. గొప్ప సినిమా అన్నంత మాత్రాన తప్పు తప్పు కాకుండా పోదు.

ఇన్ని చూపులుండగా తెలంగాణ చూపు అనగానే కొందరికి గుండెల్లో రాయి పడుతుంది. ‘ఇగ మాయాబజార్‌ను కూడా విడిచిపెట్టరా?’ అంటారు. విడిచిపెట్టం. బలరాముడు తనకు ఇష్టమైంది చూసుకోవచ్చు గానీ, మేం మాకు నొప్పి పెట్టింది చూసుకోవద్దా?

ఇచ్చిన మాట

కథ ఏంది? శశిరేఖను అభిమన్యునికిస్తానని బలరాముడు చెల్లెలు సుభద్రకు చిన్ననాడే మాట ఇచ్చాడు. అప్పుడు పాండవులకు రాజ్యముంది. జూదంలో రాజ్యం పోయింది. సుభద్ర కొడుకును వెంటబెట్టుకొని అన్న ఇంటికొచ్చింది. అప్పుడు అన్నకు మాట యాదికి లేదు. వదినకు మర్యాద యాదికి లేదు. అవతల శకుని, దుర్యోధనుడు వచ్చి లక్ష్మణకుమారునికి పిల్లను అడిగారు. కృష్ణ బలరాముల అండ తమ దిక్కు తిప్పుకోవాలని వాళ్ల ఎత్తు. బలరాముడు ఒప్పుకున్నాడు. సుభద్ర అవమానంతో ఇల్లు దాటింది.

ఇప్పుడు క్యాలెండరు చూడండి. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు చేశారు. తెలంగాణకు ప్రాంతీయ మండలి అన్నారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం నుంచి ఉంటే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం నుంచి అన్నారు. ఉద్యోగాల్లో స్థానికులకు రక్షణ అన్నారు. తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే ఖర్చు పెడతామన్నారు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మొదటి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేడు. ఆ పదవి ఆరో వేలు లాంటిదని ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి తీసిపారేశారు. ఐదు నెలలు కూడా తిరగకముందే మాయాబజార్ తెర మీదికి వచ్చింది.

పెద్దమనుషుల ఒప్పందాన్ని మనసులో పెట్టుకొని పింగళి కథ రాశాడని ఎవరూ అనలేరు. అనే పని కూడా లేదు. శశిరేఖా పరిణయం వ్యాసుని భారతంలో లేని కథ. జనం అల్లుకున్న కథ. ఈ సినిమా కంటే చాలా ముందే సురభి వాళ్లు ఊరూరా తిరిగి మాయాబజార్ నాటకం ఆడారు. ఆ సురభి కుటుంబాలే తర్వాత మన హైదరాబాద్ శేరిలింగంపల్లిలో స్థిరపడి ఆ నాటకాన్ని బతికించాయి. జనం అల్లిన కథలో జనం తమ కష్టాన్ని చూసుకుంటారు. దానికి రచయిత అనుమతి అక్కర్లేదు.

పోలిక అన్ని చోట్లా అతుకుతుందని కూడా చెప్పడం లేదు. పాండవులు జూదమాడి ఓడిపోయారు. మనం ఏ జూదమూ ఆడలేదు. హైదరాబాద్ రాష్ట్రం విడిగానే ఉండాలని, 1961 ఎన్నికల తర్వాత అసెంబ్లీలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపాలని 1955లో ఫజల్ అలీ కమిషన్ రాసింది. ఆ మాటను పక్కన పెట్టి కలిపారు. అయినా బలరాముని ఇంట్లో సుభద్ర నిలబడ్డ సీను చూసినప్పుడు, మాట గుర్తుచేసినోళ్లనే తప్పుబట్టే ఆ తీరు మనకు కొత్తగా అనిపించదు. ముల్కీ గురించి అడిగితే సంకుచితులన్నారు. 1969లో వందల మంది పిల్లలు తూటాలకు బలైతే అల్లరిమూక అన్నారు. ఒప్పందం ఏమైందని అడిగితే తెలుగుజాతి ఐక్యతను చెడగొడుతున్నారన్నారు. చెడగొట్టింది అడిగినోడా, తప్పినోడా?

ఉద్యోగ మిత్రులకు ఇక్కడ ఇంకో ముచ్చట. సినిమాలో బలరాముడు తప్పిన మాటను నిలబెట్టడానికి నడుం కట్టింది కృష్ణుడు. ఆ పాత్ర వేసిన ఎన్టీఆర్ 1983లో ముఖ్యమంత్రి అయ్యారు. తెలుగువారి ఆత్మగౌరవం అన్న నినాదంతో గెలిచారు. తెలంగాణలో అక్రమంగా చేరిన స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపాలని 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది ఆయన ప్రభుత్వంలోనే. 1986 మార్చి 31 లోపు పని పూర్తి కావాలని అందులో ఉంది. 58 వేలకు పైగా నౌకరీలు మనోళ్లకు దక్కకుండా పోయాయని ఉద్యోగ సంఘాలు లెక్క చెప్పాయి. ఆ మార్చి పోయింది. ఎన్నో మార్చిలు పోయాయి. ముఖ్యమంత్రులు మారారు, కమిటీలు, కమిషన్లు వచ్చాయి, జీవో మాత్రం కాగితం మీదనే ఉండిపోయింది. తెర మీది కృష్ణుడు మూడు గంటల్లో నిలబెట్టిన మాట, సచివాలయంలో దశాబ్దాలు గడిచినా నిలబడలేదు. దీనికి సినిమాను తప్పుపట్టలేం. కానీ సినిమా చూసిన కండ్లతోనే ఫైలును కూడా చూస్తాం.

పలికే మాట

ఇక రెండో మాట. మాయాబజార్‌ను తరతరాలుగా జనం నోట్లో నిలబెట్టింది పద్యాలూ కాదు, కిరీటాలూ కాదు. రాక్షసుల ఆశ్రమంలో పుట్టిన మాటలు. గింబళి, గిల్పం, వీరతాడు, అసమదీయులు, తసమదీయులు.

ఆ సీను ఒకసారి యాది చేసుకోండి. చిన్నమయ దగ్గర చదువుకునే రాక్షస శిష్యులకు సంస్కృతం నోరు తిరగదు. ఒత్తులు పలకవు. దుష్టచతుష్టయం అనాల్సింది ముక్కలు ముక్కలవుతుంది. అసమదీయులు అన్న మాటకు ఎదురుగా తసమదీయులు అని ఒకడు కొత్త మాట పుట్టిస్తాడు. ఏ నిఘంటువులోనూ అట్లాంటి మాట లేదు. వ్యాకరణం ప్రకారం తప్పు. అప్పుడు ఘటోత్కచుడు ఏం చేస్తాడు? ఆ శిష్యుణ్ని తిట్టడు. ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలు ఎక్కడి నుంచి వస్తాయన్నది ఆయన వాదం. పుట్టించినోనికి వీరతాడు వేయిస్తాడు. పాండిత్యం కన్నా జ్ఞానం ముఖ్యమన్నది ఆయన నీతి.

ఎంత పెద్ద మాట అది! భాష పండితుని సొత్తు కాదు, పలికేటోని సొత్తు అని 1957లో తెలుగు తెర మీద చెప్పింది ఒక రాక్షసుడు. జనం ఒప్పుకున్నారు. గుంటూరులో ఒప్పుకున్నారు, గోదావరి జిల్లాల్లో ఒప్పుకున్నారు, వరంగల్‌లో, కరీంనగర్‌లో ఒప్పుకున్నారు. మన అనేటోళ్లను అస్మదీయులు, అవతలోళ్లను తస్మదీయులు అని పత్రికలు కూడా రాసుకున్నాయి. తప్పు మాట ఒప్పైపోయింది.

మరి అదే పరిశ్రమ మన మాటను ఏం చేసింది? ఇక్కడే మన గుస్స. పుట్టించిన మాటకు వీరతాడు వేసిన పరిశ్రమ, పుట్టుకతో వచ్చిన మాటకు విలన్ వేషం వేసింది. ‘గిట్ల’, ‘గట్ల’, ‘పోరడు’, ‘నౌకరి’, ‘బర్వాత్’ అన్న మాటలు తెలుగు సినిమాలో ఎవరి నోట వినబడ్డాయి? రౌడీ నోట, బ్రోకర్ నోట, ఇంట్లో పనిచేసే మనిషి నోట, నవ్వించడానికి పెట్టిన పాత్ర నోట. 1985లో వచ్చిన ప్రతిఘటనలో రాజకీయ గూండాకు తెలంగాణ యాస పెట్టారు. 1998లో వచ్చిన గణేష్‌లో దుర్మార్గునికి మళ్లీ అదే యాస. రెండింట్లోనూ ఆ వేషం వేసిన కోట శ్రీనివాసరావు గొప్ప నటుడు. ఆయన్ను అనడం లేదు. ఆ సినిమాల్లో అన్యాయాన్ని ఎదిరించే మనిషి ఆ యాసలో ఎందుకు మాట్లాడలేదన్నది ప్రశ్న. హీరోది ఏ ఊరైనా, హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగినా, భాష మాత్రం కృష్ణా గుంటూరు భాష. అది ప్రామాణికం. మనది యాస. ఈ తూకం రాళ్లు ఎవరు చేసినవి?

కొందరు మిత్రులు ఇందుకే మాయాబజార్‌ను కూడా అదే గాటన కడతారు. ‘ఆ సిన్మాల కూడా మన మాట లేదు గదా’ అంటారు. లేదు. నిజమే. కానీ ఆ సినిమా ఒప్పుకున్న సూత్రం మన చేతిలో ఆయుధం. తసమదీయులు అన్న మాట తెలుగైతే, మా అవ్వ పలికిన మాట ఎందుకు తెలుగు కాదు? ఒత్తు పలకని రాక్షస శిష్యుణ్ని చూసి ముద్దుగా నవ్వినోళ్లు, హాస్టల్లో మన పిల్లగాడు నోరు తెరిస్తే ఎందుకు ఎగతాళిగా నవ్వారు? సినిమాను కాలబెడితే ఈ ప్రశ్న అడిగే జాగా పోతుంది. సినిమాను ముందు పెట్టుకొని అడిగితే జవాబు చెప్పాల్సింది అవతలోళ్లే.

ఆంధ్రశాకం, మన పుంటికూర

మాయాబజార్‌లో గోంగూర ముచ్చట మనోళ్ల లొల్లిలో తప్పకుండా వస్తుంది. పెండ్లివారికి వంటలు ఏర్పాటు చేసే దగ్గర గోంగూరను ఆంధ్రశాకం అని పొగుడుతారు. కౌరవ ప్రభువులకు అది లేకుంటే ముద్ద దిగదన్నట్టు చెప్తారు. హస్తినాపురం దొరలకు గోంగూర తినిపించిన ఆ చమత్కారానికి థియేటర్లన్నీ నవ్వాయి. మనమూ నవ్వాం. నవ్వదగ్గదే. ద్వాపరయుగంలోకి మన వంటింటిని తోసుకుపోయిన ధీమా అది. తమ కూరను తాము పొగుడుకోవడంలో తప్పేమీ లేదు.

అయితే ఆ కూర మన పెరట్లోనూ పెరిగింది. మనం పుంటికూర అన్నాం. అది మన ఇండ్లల్లోనే ఉండిపోయింది, తెర ఎక్కలేదు. సర్వపిండి తెర ఎక్కలేదు, సకినాలు తెర ఎక్కలేదు, బతుకమ్మ తెర ఎక్కడానికి ఎన్నేండ్లు పట్టిందో అందరికీ ఎరుకే. ఒక ప్రాంతం కూర ‘తెలుగువాళ్ల కూర’ అయింది, ఇంకో ప్రాంతం కూర ‘అక్కడివాళ్లు తినేది’ అయింది. గోంగూర మీద మనకు పగ లేదు. పుంటికూరకు కూడా విస్తట్లో ఇంత జాగా ఉండాలన్నదే మన కొట్లాట. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం చెప్పింది కూడా ఇంతకు మించి ఏమీ కాదు.

రంగులేసిన బజారు

1957 నాటి నలుపు తెలుపు సినిమాకు రంగులేసి 2010 జనవరి 30న మళ్లీ విడుదల చేశారు. హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ చేసిన పని అది. దాని మీద కూడా ప్రేక్షకులు రెండుగా చీలారు. వెలుగు నీడలతో బార్ట్‌లే కట్టిన బొమ్మ మీద సున్నం పూసినట్టుందని పాతతరం బాధపడ్డది. రంగు లేకుంటే పిల్లలు చూడరు, పిల్లలు చూడకుంటే సినిమా బతకదు అని ఇంకొందరన్నారు. రెండో వాదనలో కూడా బలముంది. అయితే నలుపు తెలుపులో సరిపోని వెలితి ఏమీ ఆ సినిమాలో లేదు. రంగు వేసింది మార్కెట్టు కోసం.

మనకు అంతకన్నా ముఖ్యమైంది ఆ తేదీ. 2009 డిసెంబర్ 9న కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని ప్రకటించారు. ఉస్మానియాలో, కాకతీయలో ఆ రాత్రి పటాకులు పేలాయి. డిసెంబర్ 23న అదే నోటితో విస్తృత సంప్రదింపులు కావాలన్నారు. పదునాలుగు రోజుల్లో మాట తిరగబడ్డది. జనవరి వచ్చేసరికి జేఏసీలు, రిలే దీక్షలు, క్యాంపస్‌ల చుట్టూ ముళ్లకంచెలు. ఉద్యమం సినిమా హాళ్ల ముందుకు కూడా వచ్చింది. సరిగ్గా అప్పుడు మాట తప్పిన బలరాముడు రంగుల్లో దిగాడు. నాలుగు రోజులకు, ఫిబ్రవరి 3న, కేంద్రం ఒక కమిటీ వేసింది. దాని పేరు శ్రీకృష్ణ కమిటీ! తెర మీద ఒక శ్రీకృష్ణుడు, ఢిల్లీ నుంచి ఒక శ్రీకృష్ణుడు. తెర మీది కృష్ణుడు మాట నిలబెట్టే తొవ్వ చూశాడు. ఢిల్లీ కృష్ణుడు 2010 డిసెంబర్ 30న ఆరు తొవ్వలు చూపించి మనల్ని చౌరస్తాలో నిలబెట్టాడు.

ఆ రోజుల్లో మాయాబజార్ చూడొచ్చా చూడొద్దా అన్న మీమాంస చాలామంది విద్యార్థులకు ఉండె. ఎదురుగా నిలబడ్డ పెట్టుబడిదారు సినిమాను అడ్డుకోవడం వేరు, దశాబ్దాల నాటి కళాకారుల కష్టాన్ని కాదనడం వేరు. ఈ తేడా తెలిసినోళ్లే మన ఉద్యమాన్ని గెలిపించారు. రాష్ట్రం కావాలన్నందుకు మనల్ని కళా ద్వేషులన్నారు, తెలుగు ద్రోహులన్నారు. ఎస్వీ రంగారావును ప్రేమించినోడు తెలంగాణ వాది కాకుండా పోడు. తెలంగాణ వాది అయినంత మాత్రాన ఎస్వీ రంగారావు పరాయివాడు కాడు.

తెర మీద లేని పాండవులు

మాయాబజార్‌లో చాలామంది గమనించని విచిత్రం ఒకటుంది. కథ మొత్తం పాండవులకు జరిగిన అన్యాయం చుట్టూ తిరుగుతుంది. రాజ్యం పోయింది వాళ్లది. కోడలు దక్కాల్సింది వాళ్లకు. కానీ మూడు గంటల సినిమాలో ఐదుగురు పాండవుల్లో ఒక్కరు కూడా తెర మీద కనబడరు. వాళ్ల గురించి అందరూ మాట్లాడతారు. వాళ్లు మాత్రం రారు. కథ చెప్పే పద్ధతిగా అది కె.వి.రెడ్డి గొప్పతనం. అందులో మనకు వంక లేదు.

కానీ తెలుగు సినిమా చరిత్ర మొత్తాన్ని ఒక సినిమా అనుకుంటే, అందులో మనమే ఆ పాండవులం. పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాద్‌కు వచ్చింది. సర్కారు ఇచ్చిన భూముల్లో స్టూడియోలు లేచాయి. టికెట్టు కొన్నది మనం, హాలు నింపింది మనం, ఈల వేసింది మనం. తెర మీద మాత్రం మనం లేం. 1979లో బి.నర్సింగరావు నిర్మాతగా గౌతమ్ ఘోష్ తీసిన మా భూమి లాంటి ఒకటి రెండు సినిమాలు మన ఊరిని, మన పోరాటాన్ని చూపించాయి. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం, దర్శకుడు బెంగాలీ, మట్టి మాత్రం మనది. మాయాబజార్ కోసం ఎంత చర్చ జరుగుతుందో, అందులో పదోవంతు చర్చ మా భూమి గురించి మన కాలేజీల్లో జరిగితే ఎంత బాగుండు!

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ తర్వాత తెర కొంత మారింది. 2017లో ఫిదాలో బాన్సువాడ పిల్ల హీరోయిన్‌గా తన మాటలో తానే మాట్లాడింది. 2023లో బలగం మన ఊరి చావునూ, పిట్టముట్టుడునూ తెర ఎక్కించి ఊరూరా జనాన్ని ఏడిపించింది. ఒకప్పుడు యాస వద్దన్న పరిశ్రమే యాసలో పైసలున్నాయని కనిపెట్టింది. సంతోషమే. కానీ జర జాగ్రత్త. గూండా నోట్లోంచి తీసి తాగుబోతు హీరో నోట్లో పెడితే అది గౌరవం అయిపోదు. కల్లు, బిర్యానీ, బూతు కలిపి ఇదే తెలంగాణ అని అమ్మితే అది కూడా మాయాబజారే. శంకుస్థాపన లేకుండా రాత్రికి రాత్రి లేచిన నగరం పొద్దుగాల్ల ఉండదు.

విద్యార్థి మిత్రులకు చెప్పేది ఇది. మాయాబజార్ చూడండి. వీలైతే నలుపు తెలుపులోనే చూడండి. చూసి నవ్వండి, రంగారావు నడకకు చప్పట్లు కొట్టండి. తర్వాత మీ ఊరికి పోయి మీ అవ్వ, తాత నోట ఉన్న మాటలు రాసిపెట్టుకోండి. వ్యవసాయం మాటలు, వంట మాటలు, తిట్లు, సామెతలు, పీర్ల పండుగ మాటలు, బతుకమ్మ మాటలు. ఆ మాటలతో కథ రాయండి, సినిమా తీయండి. వీరతాడు ఎవరో వేస్తారని ఎదురుచూడకండి.

ఉద్యోగ మిత్రులకు చెప్పేది ఇంకొకటి. మాట తప్పే గుణం ఒక ప్రాంతం సొత్తు కాదు. నీళ్లు, నిధులు, నియామకాలు అని మనకు మనమే ఇచ్చుకున్న మాట ఉంది. మనోళ్లే కుర్చీలో కూసున్నా, ఏ పార్టీ సర్కారైనా, ఆ మాట అడగాల్సిందే. అన్న అని బలరాముణ్ని సుభద్ర అడగకుండా ఊకుందా? ఇంటోడని మనం ఊకుంటే కథ అక్కడే ఆగిపోతుంది. ఆ సినిమాలో సత్యపీఠం అని ఇంకో వస్తువుంది. దాని మీద నిలబడితే ఎంతటి శకుని అయినా కడుపులో ఉన్న నిజం కక్కాల్సిందే. 1969లో, 2009లో ఈ ప్రజలు వీధుల్లోకి వచ్చినప్పుడు నాయకులను నిలబెట్టింది అట్లాంటి పీఠం మీదనే. దాన్ని ఇంట్లో అటక మీద దాచుకుంటే తుప్పు పడుతుంది. కింద పెట్టండి. తుడవండి. ఎవరెవరు ఎక్కాలో పిలవండి.